తాలు అని రాసింది నేను

ఆయన సంతాప సభలో నేను బాగా మాట్లాడానని అందరూ అన్నారు. గుంటూరులో మా ఇంజనీరింగ్ కాలేజీ సెమినార్ హాల్లో ఫొటోకి దండ వేశారు, రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు, ఆ తర్వాత మైకు నా చేతికిచ్చారు. ఆయనతో ఏడేళ్ళు పనిచేసినవాణ్ణి, ఆయన కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్నవాణ్ణి, నేను కాక ఇంకెవరు మాట్లాడతారు? ఆయన ఓపిక గురించి చెప్పాను. ఆయన తుమ్ముల గురించి చెప్పి నవ్వించాను కూడా. దిగి వచ్చాక ప్రిన్సిపాల్ గారు భుజం తట్టి, "కళ్ళనీళ్ళు పెట్టించావయ్యా" అన్నారు. చెప్పాల్సిన మాట ఒక్కటుంది. దాన్ని దాచిపెట్టి మిగతావన్నీ చెప్పాను.

ఆయన మా కాలేజీలో కెరీర్ కౌన్సెలర్. ఏ పిల్లవాడికి ఏ కోర్సు సరిపోతుంది, ఎవరు ఏ ఉద్యోగంలో నిలబడతారు అని కూర్చోబెట్టి మాట్లాడి తేల్చడం ఆయన పని. నేను అసిస్టెంటుని. వారంలో ఆరు రోజులు ఆ పని కాలేజీలో చేసేవారు. ఏడో రోజు నల్లపాడు అవతల ఒక మిర్చి షెడ్డులో చేసేవారు. మార్కెట్ యార్డుకి పోయే కాయకి ముచ్చికలు తీసి, రంగు చూసి రకాలుగా ఏరే షెడ్డు అది. నలభై మంది దాకా ఆడవాళ్ళు కింద కూర్చుని, ముక్కులకి గుడ్డ కట్టుకుని పని చేస్తుంటారు. ఆదివారం పని తక్కువ కాబట్టి, మధ్యాహ్నం నుంచి ఆయన అక్కడ ఒక ప్లాస్టిక్ క్రేటు బోర్లించుకుని కూర్చునేవారు.

"మన కాలేజీ పిల్లలకి చెప్పడానికి మనం కాకపోతే పదిమంది ఉన్నారయ్యా. వీళ్ళకి నీకేం చేతనవునమ్మా అని అడిగినవాడెవడు?" అనేవారు.

ఆ మొదటి ఆదివారం తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. షెడ్డు మేస్త్రి మంగమ్మకి ఆయన ఫోన్లో "నేను కౌన్సెలర్‌ని" అని చెప్పారు. ఆమె వార్డు కౌన్సిలర్ అనుకుని వాడకట్టంతా చాటింపు వేసింది. మేం వెళ్ళేసరికి మురిక్కాలవ గురించి, ఆగిపోయిన పింఛను గురించి, వెలగని వీధిదీపం గురించి అర్జీలు పట్టుకుని జనం నిలబడి ఉన్నారు. ఒక ముసలామె అయితే "ఓట్లప్పుడు కనపడ్డ మొకం, మళ్ళీ ఇయ్యాలే చూట్టం" అని ఆయన్ని కడిగి ఆరేసింది. ఆయన్ని ఆమె జన్మలో చూసి ఎరగదు.

నేనైతే వెంటనే చెప్పేసేవాణ్ణి, అమ్మా మేం ఆ బాపతు కాదు అని. ఆయన చెప్పలేదు. అర్జీలన్నీ తీసుకుని ఒక్కొక్కటీ చదివారు. చదివి, "ఇవన్నీ ఒకే చేతిరాత. ఎవరు రాశారు?" అని అడిగారు.

"మా పక్కింటి సుబ్బులు" అన్నారు.

"సుబ్బులు దగ్గరికి ఇంకా దేనికి వెళ్తారు మీరంతా?"

"బ్యాంకు ఫారాలకీ, బళ్ళో కాయితాలకీ అన్నింటికీ దాని దగ్గరికే పోతాం."

"వచ్చే ఆదివారం సుబ్బుల్ని తీసుకురండి" అన్నారు. మూడు నెలల్లో సుబ్బులు నల్లపాడులో ఒక నెట్ సెంటర్లో దరఖాస్తులు నింపే పనిలో కుదిరింది. మురిక్కాలవ సంగతి కూడా ఆయన వదల్లేదు, అసలు కౌన్సిలర్ని వెతికి పట్టుకుని ఆ అర్జీలు అప్పగించి వచ్చారు. ఆ వీధి వాళ్ళు చివరిదాకా ఆయన్ని కౌన్సిలర్ గారనే పిలిచారు. నేను చిన్న సారుని.

ఆ రోజు నుంచి ఆయనకి ఒక ప్రశ్న దొరికింది. ఏం చదువుకున్నావు అని అడిగేవారు కాదు, ఏం అవుదామనుకుంటున్నావు అని అసలే అడిగేవారు కాదు. "మీ ఇంటికి జనం దేనికోసం వస్తారమ్మా?" అనేవారు. మొదట్లో ఆడవాళ్ళు సిగ్గుపడేవారు. మా ఇంటికెవరొస్తారు సార్, అప్పులోళ్ళు తప్ప, అని నవ్వేవారు. ఆయన కదిలేవారు కాదు. కాసేపటికి ఒకామె, పిల్లలకి పాలు పడకపోతే నా దగ్గరికొస్తారు అనేది. ఇంకొకామె, మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటే నన్నే పిలుస్తారు అనేది. ఆయన మొహం వెలిగిపోయేది. వెంటనే రిజిస్టరు తీసి రాసుకునేవారు.

ఆ రిజిస్టరులో మనిషికొక పేజీ. రాసేటప్పుడు పుస్తకాన్ని ఎదుటిమనిషి వైపు తిప్పి, తను తలకిందులుగా రాసేవారు. ఎన్నేళ్ళ అలవాటో, అక్షరం వంకర పోయేది కాదు. "నీ గురించి రాస్తున్నా, నీకు కనపడకుండా ఎలా రాస్తాను? తప్పుంటే కొట్టెయ్" అని పెన్ను వాళ్ళకిచ్చేవారు. చదువు రానివాళ్ళకి పైకి చదివి వినిపించేవారు.

ఇంకో సంగతి, ఆయనకి మిరప ఘాటు పడదు. షెడ్డు గుమ్మంలో అడుగు పెట్టగానే తుమ్ములు మొదలు. ప్రతి తుమ్ముకీ "క్షమించండమ్మా" అనేవారు. ఆడవాళ్ళు లెక్కపెట్టేవారు. "ఇయ్యాల పదిహేడు, పోయిన వారం కంటే నయం" అని మంగమ్మ ప్రకటించేది. తిరిగొచ్చేటప్పుడు ఆయన కళ్ళు పండు మిరపకాయల్లా ఉండేవి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు సార్ అని ఒకసారి నేను అనేశాను. ఆయన నవ్వి, "కందకి దురద లేదని నీకెవరు చెప్పారు?" అన్నారు.

నేను ఎందుకు వెళ్ళేవాణ్ణంటే, నిజం చెప్పాలి, కాలేజీ వెళ్ళమంది కాబట్టి. సమాజ సేవ కింద రిపోర్టులో చూపించడానికి ఆ ఆదివారాలు పనికొచ్చేవి. ప్రిన్సిపాల్ గారు నన్ను విడిగా పిలిచి, "ఆయన్ని అడిగితే కథలు చెప్తాడు. ఫొటోతో సహా వేసుకోడానికి నాలుగు విజయగాథలు కావాలి. ఎవరు పైకొస్తారో నువ్వు చూసి పెట్టు" అన్నారు. నేను చూసి పెట్టాను. రిజిస్టరు చివరి పేజీల్లో పేర్ల పట్టిక ఉంటుంది. ఆ పేర్ల పక్కన పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాను. షెడ్డులో కూర్చుని కూర్చుని ఆ భాషే అబ్బింది నాకు. బాగా వచ్చేవాళ్ళకి మేలు, ఫర్వాలేదనిపించినవాళ్ళకి మధ్య, లాభం లేదనుకున్నవాళ్ళకి తాలు.

తాలంటే తెలుసు కదా. రంగు పోయి తెల్లబడిన కాయ. మంచి కాయలో ఒక్కటి కనపడినా ఏరి పక్కన పారేస్తారు. మా వైపు పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి కూడా తాలు సరుకు అంటారు. అనేవాళ్ళకి అది నవ్వులాటే. నేనూ నవ్వుకుంటూనే రాశాను. నా తెలివికి నేనే మురిసిపోయి రాశాను.

ఖాసింబీకి కూడా అదే రాశాను.

ఆమెకి అప్పటికి ముప్పై ఐదేళ్ళుంటాయేమో. ఏడో తరగతి దాకా చదివింది. మాట పెళుసు. మీ ఇంటికి జనం దేనికోసం వస్తారని ఆయన అడిగితే, "ఇంటికి రారు సార్, ఇక్కడికే వస్తారు. కాయ కొనేవోళ్ళ గుమస్తాలు. తేమ ఉందా లేదా అని నన్నే అడుగుతారు" అంది. ఎలా చెప్తావు అన్నారు. ఒక గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. "గింజ మోగాల. మోగకపోతే లోపల చెమ్మ ఉన్నట్టే. మోగీ మోగనట్టుంటే రెండు రోజులు ఎండాల." ఆయన తనూ ఒక గుప్పెడు తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నారు, ఘాటు తగిలి వరసగా తుమ్మారు, షెడ్డంతా పగలబడి నవ్వింది. ఖాసింబీ కూడా నవ్వింది.

ఆయన ఆమె పేజీలో రాశారు. చేతితో, చెవితో కాయలో తేమ పసిగట్టగలరు. రంగు తేడా దూరం నుంచే చెప్పగలరు. పదిహేనేళ్ళ అనుభవం. ఆమె వేలు పెట్టి నిదానంగా చదువుకుంది. "కూలి అని రాస్తే సరిపోయేదానికి ఇంత రాశారేంది సార్" అంది. అని, మళ్ళీ మొదటి నుంచి చదువుకుంది.

మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీ చుట్టూ ఆయన రెండు నెలలు తిరిగారు. టిక్కీల్లోంచి, అంటే మిర్చి బస్తాల్లోంచి, నమూనా తీసి రకం తేల్చే పనికి వాళ్ళకి మనుషులు కావాలి. డిగ్రీ లేకుండా ఎలా అన్నారు వాళ్ళు. ఒక్కసారి ఆమె చేతికి కాయ ఇచ్చి చూడండి అన్నారు ఈయన. చివరికి సరే, సోమవారం పొద్దున పంపండి అన్నారు. నెల జీతం, నీడపట్టున పని. "ఈ ఘాటులో దగ్గి దగ్గి చచ్చేలోపు ఒక కుర్చీలో కూచుంటానేమో సార్" అని ఖాసింబీ ఆయనతో అనడం నేను విన్నాను. ఆ మాట పెళుసుగా లేదు, భయం భయంగా ఉంది.

సోమవారానికి ముందు ఆదివారం. కంపెనీ చిరునామా రాసుకోమని ఆయన రిజిస్టరు ఆమె చేతికిచ్చారు. చింపుకోడానికి ఖాళీ కాగితం కోసం ఆమె పుస్తకం వెనక్కి తిప్పింది. తిప్పుతూ పేర్ల పట్టిక దగ్గర ఆగింది. ఎవరైనా ముందు తమ పేరే వెతుక్కుంటారు. నేను నీళ్ళ సీసా పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. పుస్తకం లాక్కోవాలని చెయ్యి కదిలింది కానీ నేను లాక్కోలేదు.

"ఇదేంది సార్?" అంది ఆయనతో. మొదట మామూలుగానే అంది. తర్వాత లేచి నిలబడింది. "తాలంటే ఏందో నాకు తెలీదా సార్? పదిహేనేళ్ళ నుంచి ఈ చేతుల్తోనే ఏరి పారేస్తన్నా. ఎదురుగా కూచోబెట్టి ఇంత పొగుడుతా రాసి, ఎనకమాల తాలు అని రాసుకున్నారా? ఎగతాళా మేమంటే?"

షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి. ఆయన పుస్తకం తీసుకుని చూశారు. ఐదేళ్ళుగా నా రాత ఎరిగిన మనిషి. చూడగానే తెలిసిపోయింది, ఆ సంగతి నాకూ తెలిసిపోయింది. తల ఎత్తి నావైపు చూస్తారనుకున్నాను. చూడలేదు. ఆమెకే రెండు చేతులూ జోడించారు.

"నా పుస్తకంలో ఉంది. తప్పయింది తల్లీ" అన్నారు. "నామీద కోపంతో రేపు మాత్రం మానొద్దు. వెళ్ళు."

"తాలు కాయని మేలు రకం అని అమ్మబోతే యార్డులో టిక్కీ తిరగ్గొడతారు. నన్నూ తిరగ్గొట్టించుకోడానికి పొమ్మంటారా?" అని చిరునామా రాసుకోకుండానే వెళ్ళిపోయింది.

సార్, అది రాసింది నేను అనడానికి ఎంతసేపు పడుతుంది? గుక్క తిప్పుకున్నంతసేపు పట్టదు. నేను సీసా మూత తీసి ఆయనకి నీళ్ళిచ్చాను.

తిరిగి వస్తుంటే నల్లపాడు దగ్గర రైలు గేటు పడింది. ఆయన స్కూటర్ వెనక నేను. గూడ్సు బండి తెమలకుండా పోతూనే ఉంది. "సార్" అన్నాను. ఆయన వెనక్కి తిరక్కుండానే, "ఖాసింబీ రేపు వెళ్తుందంటావా?" అని అడిగారు. "వెళ్తుంది సార్" అన్నాను. ఆ తర్వాత ఇద్దరం బండిని చూస్తూ ఉండిపోయాం. ఆయనకి ఆ ప్రస్తావన ఇష్టం లేదు కాబోలు అని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకుంటే హాయిగా ఉంది.

ఆమె వెళ్ళలేదు. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఆ కంపెనీ గేటు బయట ఆయన ఒక్కరే నిలబడ్డారని తర్వాత తెలిసింది. మధ్యాహ్నం కాలేజీకి వచ్చి రిజిస్టరు నా బల్ల మీద పెట్టారు. "వెనక పేజీలు ఒకసారి చూసుకో. ఇంకెవరైనా చూస్తే బాధపడతారు" అన్నారు. ఆ విషయం మీద ఆయన నాతో అన్నది ఆ ఒక్క మాటే. అరిచినా, కొట్టినా ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణేమో. రబ్బరు తీసుకుని అన్ని పేర్ల పక్కనా చెరిపేశాను. పెన్సిలే కాబట్టి పోయింది. సాక్ష్యం కూడా పోయిందని ఊపిరి పీల్చుకున్నాను చూడండి, అది నేను.

సంగతి ప్రిన్సిపాల్ దాకా పోయింది. పిలిచి అడిగితే ఆయన అక్కడ కూడా "నా పొరపాటే" అన్నారట. కాలేజీ పేరు పాడవుతుందని ఆదివారాల కార్యక్రమం ఆపేశారు. విభాగం బాధ్యత ఆయన నుంచి తప్పించి నాకిచ్చారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఇక్కడ చెలగాటమాడిన పిల్లికి ప్రమోషను కూడా వచ్చింది. ఆర్డరు కాగితం నాకు ఆయనే తెచ్చి ఇచ్చి, "బాగా చెయ్యి" అన్నారు. అందులో వెటకారం ఉందేమోనని చాలా రోజులు వెతికాను. ఉంటే బాగుండేది.

కాలేజీ ఆపినా ఆయన షెడ్డుకి వెళ్ళడం ఆపలేదు. సొంతంగా వెళ్ళేవారు. నేను ఎప్పుడన్నా, మొహమాటానికి, తోడు వెళ్ళేవాణ్ణి. ఖాసింబీ ఆయన వచ్చేసరికి గోడవైపు తిరిగి కూర్చునేది. ఆయన దగ్గరికి వెళ్ళి, "బాగున్నావామ్మా?" అనేవారు. ఆమె పలికేది కాదు. ఒక నిమిషం ఆగి వచ్చి క్రేటు మీద కూర్చునేవారు. మళ్ళీ వారం మళ్ళీ అదే. రెండు పంటకాలాలు గడిచాయి. ఇంకో కంపెనీకి ఆమె గురించి ఉత్తరం రాసి మంగమ్మ చేత పంపితే, చదవకుండా చింపేసిందట. ఆయన చిన్నబోవడం నేను చూశాను. చూసి ఏం చేశాను? ప్రతిసారీ వచ్చేవారం చెప్దాం అనుకున్నాను. ఈ ఎండాకాలంలో, కాలేజీ మెట్లెక్కుతూ ఛాతీ పట్టుకుని కూర్చున్నారు. ఆస్పత్రికి చేరేలోపే పోయారు. ఇక వచ్చేవారం లేదు.

సెలవులయ్యాక కాలేజీ తెరిచి సంతాప సభ పెట్టారు. ఆ తర్వాతి ఆదివారం షెడ్డుకి వెళ్ళాను.

"పెద్ద సారు పోయాడంటగా, చిన్న సారూ" అని మంగమ్మ ఎదురొచ్చింది. "మాకెవురూ చెప్పలా. మూడు వారాలు చూసి, సుబ్బులు చేత ఫోను చేయిస్తే తెలిసింది." వాళ్ళకి చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఖాసింబీ గోడ దగ్గర కూర్చుని ఉంది. వెళ్ళి ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు. తెలిసే, గొంతు తగ్గించి చెప్పాను, ఆ తాలు అన్న మాట రాసింది నేనని, ఆయనకి ముందు ఏమీ తెలియదని, మీరు అరిచిన రోజే తెలిసిందని.

ఆమె చేతిలో కాయ అలాగే ఉంది.

"లేచి చెప్పండి" అంది.

"అమ్మా..."

"ఆ రోజు నేను ఆయన్ని నలుగురిలో పెట్టి అరిచాను. మీరు నా చెవులో చెప్తే ఎట్టా? లేచి చెప్పండి సార్, అందరికీ వినపడాల."

లేచాను. మైకుంటే ధారాళంగా మాట్లాడేవాణ్ణి, ఇక్కడ రెండుసార్లు దగ్గి చెప్పాను. ఆయన కాదు, నేనే రాశాను, నేనే చెరిపేశాను, ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఎవరూ తిట్టలేదు. మంగమ్మ మాత్రం, "మరి ఆయనేంది, తప్పయింది తల్లీ అని చేతులు జోడించాడు?" అంది తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత మొహాన కట్టుకున్న గుడ్డ విప్పి కళ్ళు తుడుచుకుంది.

నేను ఖాసింబీ వైపు తిరిగాను. "తప్పయిందమ్మా. క్షమించండి" అన్నాను. అంటుండగానే లోపల ఏదో తేలికవుతున్నట్టు అనిపించింది. దానికి కూడా సిగ్గేసింది.

ఖాసింబీ చేతిలో కాయ కింద పెట్టింది. ఆ తర్వాత నన్ను చూసి, కోపం లేకుండానే అంది.

"మీకేం సార్. తప్పయిందని చెప్పుకోడానికి మీకు నేనన్నా ఉన్నా. రెండేళ్ళపాటు ఆ మనిషి వచ్చి బాగున్నావామ్మా అంటే మొకం తిప్పుకున్నా. నేను ఎవురికి చెప్పుకోవాల?"